కాంక్రీటుకు లోపలి తడి

నాంపల్లిలో రైలు దిగి అబిడ్స్‌కు పోవు రైతులు మెట్రో రైలు స్తంభములను చూచియే ఉందురు. ఆ మార్గము 2018లో తెరువబడినది. అంత లావు స్తంభముపై ఎంత నీరు చల్లినను నడిమికి చేరదు.

సిమెంటు ఆరుటవలన గట్టిపడదు, నీటితో కలియుటవలన గట్టిపడును. 50 కిలోల బస్తాకు 20 లీటర్లకంటె తక్కువ నీటితో చేసిన చిక్కని కాంక్రీటులో, ఉన్న నీటిని సిమెంటే త్రాగివేయును. లోపల కుంచించుకొని తొలి దినములలోనే సన్నని బీటలు పుట్టును. దీనికి ఉపాయమే లోపలి క్యూరింగు.

తడుపని ఇటుక మాలులోని నీటిని పీల్చునని మేస్త్రీలెరుగుదురు. ఇక్కడ ఆ గుణమునే తిరగవేసిరి. కాల్చి ఉబ్బించిన మట్టి గుళికలను ఒక రోజో, అంతకు మించియో నానబెట్టి, ఇసుకలో కొంతభాగమునకు బదులు కలుపుదురు. సిమెంటుకు దాహమైనప్పుడు గుళికలు నీటిని విడుచును. బీటలు తగ్గును, నీరు ఊరుటయు తగ్గును. గుళికలు మితిమీరినచో బలము తగ్గును. అవి రాతికంటె మెత్తనివి గదా!

ఇది విని మీ నీటి తొట్టి కలుపులో మేస్త్రి ఇంకొక బకెట్టు పోయబోయినచో ఆపుడు. గుళికలోని నీరు వేరు, కలుపులోని నీరు వేరు. కలుపులో మిగిలిన నీరు ఆరి సందులు విడుచును, తొట్టి కారును.

పల్లెలో వేయు మామూలు కాంక్రీటుకు గుళికలు అక్కరలేదు. అందులోని నీరు ఎండకు పోకుండ గోనెలు కప్పి, వేసవిలో కనీసము 10 రోజులు, బస్తాపై పి.పి.సి. అని ఉన్నచో 14 రోజులు, పగలుగాని రాత్రిగాని తడి ఆరనీయకుడు.