‘పుట్’ ఒక్కటే... అర్థాలు పుట్టెడు!

మా అనకాపల్లిలో, మా వీధిలోనే ఒకావిడ ఉన్నారు. తెలుగు మీడియంలోనే చదువుకున్నా ఇంగ్లీషు గ్రామర్‌లో క్లాసులో ఆవిడే ఫస్టు. ఆమధ్య అమ్మాయి పురిటికని అమెరికా వెళ్లారు. ఒకరోజు కూతురూ అల్లుడూ చెకప్‌కి వెళ్లారు. ఇంట్లో ఆవిడా, మూడేళ్ల పెద్ద మనవడూ మిగిలారు. కాసేపటికి పిల్లాడికి ఒళ్లు వెచ్చబడింది. తిన్నది తిన్నట్టు కక్కేస్తున్నాడు. కూతురు ఫోన్ ఎత్తలేదు. ఫ్రిజ్ మీద అంటించి ఉన్న డాక్టరు నంబరుకు ఫోన్ చేసి కంగారులో ‘ఫీవర్, స్టమక్ పెయిన్’ అని మాత్రం చెప్పగలిగారు.

అవతల నర్సు అడిగింది... ‘ఈజ్ హీ త్రోయింగ్ అప్?’ అని.

బొమ్మలు పైకి విసురుతున్నాడా అని కాబోలు అనుకున్నారీవిడ. ‘నో, నో’ అన్నారు. అయితే సాయంత్రం దాకా చూడమంది నర్సు. సాయంత్రానికి పిల్లాడి నాలుక పిడచకట్టుకుపోయింది. కూతురు ఇంటికి రాగానే ఆస్పత్రికి పరుగెత్తారు. సెలైన్ ఎక్కించాక తేరుకున్నాడనుకోండి.

“త్రో తెలుసు, అప్ తెలుసు. రెండూ కలిస్తే వాంతి అని ఎవరూ చెప్పలేదమ్మా! వామిటింగ్ అని అడిగుంటే చటుక్కున చెప్పేదాన్నే” అని ఇప్పటికీ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఇలా ఒక క్రియకి అప్, ఆఫ్, అవుట్, డౌన్ లాంటి బుల్లి మాట అతుక్కుని, రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తే దాన్ని ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంలో వాడాక ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. పేరు కొత్తదే కానీ వాడుక వందల ఏళ్ల నాటిది.

మనకు కొత్తేమీ కాదు!

‘ఒక్క మాటకి ఇన్ని అర్థాలా, ఇవి మనకెక్కడ వస్తాయి?’ అని నిట్టూర్చకండి. ఇప్పుడే పైన ‘కళ్లనీళ్లు పెట్టుకున్నారు’ అని చదివారు కదా. ఆవిడ నీళ్లు ఎక్కడ పెట్టుకున్నారని మీరు అడిగారా? లేదే!

మన ‘పెట్టు’నే తీసుకోండి. మొదలుపెట్టడం, కనిపెట్టడం, బయటపెట్టడం, తగలబెట్టడం... అన్నిట్లోనూ పెట్టడమే ఉంది, ఒక్క దాంట్లోనూ ఏ వస్తువునీ ఎక్కడా పెట్టం. నాలుగు డబ్బులు ‘వెనకేసుకోవడం’ వేరు, కొడుకుని ‘వెనకేసుకురావడం’ వేరు. మొదటిదాన్ని ఇంగ్లీషులో ‘పుట్ బై’ అంటారు, రెండోదాన్ని ‘స్టిక్ అప్ ఫర్’ అంటారు. అంతెందుకు, డబ్బాలో బియ్యం అయిపోతే ‘బియ్యం నిండుకున్నాయి’ అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు డబ్బా నిండా బియ్యం ఉన్నాయనుకోరూ?

తేడా ఒక్కటే. మనం బుల్లి మాటను ముందు పెట్టి ‘బయట’ పడతాం. వాళ్లు వెనక పెట్టి ‘గెట్ అవుట్’ అవుతారు!

వంటింట్లోనే బడి

పాలు పొంగిపోతే ‘బాయిల్ ఓవర్’. మన ఊరి చుట్టుపక్కల చెరుకు రసం పెనంలో మరిగి మరిగి చిక్కబడి పాకానికొస్తుంది చూడండి, అది ‘బాయిల్ డౌన్’. ఈ మాటనే కబుర్లలోనూ వాడతారు. గంటసేపు సాగిన గొడవంతా మరిగిస్తే చివరికి మిగిలింది డబ్బు సంగతే అనుకోండి, ‘ఇట్ ఆల్ బాయిల్స్ డౌన్ టు మనీ’ అంటారు. అనకాపల్లి బెల్లం తెలిసినవాళ్లు ఈ మాట మరిచిపోగలరా?

గ్యాస్ అయిపోతే ‘రన్ అవుట్’. ఉన్న కూరలన్నీ మిగల్చకుండా వాడేస్తే ‘యూజ్ అప్’. చల్లారిన పులుసు వెచ్చబెడితే ‘హీట్ అప్’. ‘వాష్ అప్’ అని ఇంగ్లండులో అంటే అంట్లు తోమడం, అమెరికాలో అంటే చేతులూ మొహం కడుక్కోవడం! చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు తెలుసుకుని మరీ కదలాలి.

ఇక ‘పుట్’ సంగతి. ‘పుట్ ఆన్’ అంటే తొడుక్కోవడం. ‘పుట్ ఆన్ వెయిట్’ అంటే ఒళ్లు చేయడం. ‘పుట్ అవుట్’ అంటే మంట ఆర్పడం. ‘పుట్ అవే’ అంటే ఎక్కడివక్కడ సర్దేయడం. ‘పుట్ అప్ విత్’ అంటే... మనం రోజూ చేసే పనే లెండి, భరించడం!

పెద్దమాట, ఇంటిమాట

మరి బడిలో ఇంత చదివినా ఇవెందుకు రావు? మన పుస్తకాల్లో పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, టాలరేట్ లాంటి పెద్ద మాటలు ఎక్కువ కనిపిస్తాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు రాజ్యమేలాయి. ఇళ్లల్లో, పొలాల్లో మాత్రం పాత ఇంగ్లీషు పొట్టి మాటలే నిలిచాయి. అందుకే కాగితం మీద ‘పోస్ట్‌పోన్’ అయినది ఇంట్లో ‘పుట్ ఆఫ్’ అవుతుంది. మనం కూడా సభలో ‘ప్రారంభిస్తాం’, ఇంట్లో ‘మొదలుపెడతాం’. ‘విశ్రమించండి’ అని ఇంట్లో ఎవరైనా అంటారా, ‘కాసేపు నడుం వాల్చండి’ అంటారు కానీ! మనం కాగితం ఇంగ్లీషు నేర్చుకుని వెళ్తాం, అవతలివాళ్లు ఇంటి ఇంగ్లీషులో పలకరిస్తారు. చిక్కంతా అక్కడే.

ఒంట్లో బాగోనప్పుడు

డాక్టరు దగ్గర వినిపించే మాటలు మాత్రం తప్పనిసరిగా తెలిసుండాలి.

త్రో అప్: వాంతి చేసుకోవడం.
కీప్ డౌన్: తిన్నదీ తాగినదీ కడుపులో నిలవడం.
కమ్ డౌన్ విత్: జ్వరం, జలుబు లాంటివి పట్టుకోవడం.
వేర్ ఆఫ్: మందు ప్రభావం తగ్గిపోవడం.
గెట్ ఓవర్: జబ్బు నుంచి తేరుకోవడం.
కట్ డౌన్ ఆన్: తగ్గించడం.
కట్ అవుట్: పూర్తిగా మానేయడం.

చివరి రెండిటితో చాలా జాగ్రత్త. ఉప్పు ‘కట్ డౌన్’ చెయ్యమంటే తగ్గించమని, ‘కట్ అవుట్’ అంటే బొత్తిగా వద్దని. ఏదన్నారో సందేహం వస్తే మొహమాటపడకుండా మళ్లీ అడగండి. అలాగే పరీక్ష గురించి ‘డోంట్ పుట్ ఇట్ ఆఫ్’ అన్నారంటే ఏదో ఆర్పవద్దని కాదు, వాయిదా వెయ్యవద్దని. మనం లైటు విషయంలోనూ ‘పుట్ ఆఫ్’ అంటుంటాం కనుక ఇక్కడ తడబాటు సహజం. లైటుకి ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అలవాటు చేసుకుంటే పేచీ ఉండదు.

ఇంకొకటి. ‘మావాడు పోయినేడు పాసౌట్ అయ్యాడు’ అని గొప్పగా చెప్పుకుంటాం. ‘హీ పాస్డ్ అవుట్’ అంటే అమెరికావాళ్లకి స్పృహ తప్పి పడిపోయాడని అర్థం! ‘గ్రాడ్యుయేటెడ్’ అంటే సరిపోతుంది. ‘పాస్డ్ అవే’ అంటే ఏకంగా చనిపోయారని. అక్షరం తేడాతో ఆనందవార్త కాస్తా అశుభవార్త అయిపోతుంది, చూశారా!

నేర్చుకునే దారి

బుల్లి మాటకి విడిగా అర్థం వెతక్కండి. రెండూ కలిపి ఒకే మాటగా, ఒక చిన్న వాక్యంతో సహా గుర్తుపెట్టుకోండి. ‘ఇట్’, ‘హిమ్’ లాంటివి వస్తే చాలావాటిలో అవి మధ్యలో దూరతాయి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘టర్న్ ఆఫ్ ఇట్’ కాదు. కొన్ని మాత్రం విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అంటారు. ఇది వాడగా వాడగా నోటికి అదే పట్టుబడుతుంది. ‘చెకప్’, ‘మేకప్’, ‘స్విచ్చాఫ్’ మనకు ఎవరు నేర్పారు చెప్పండి?

అన్నిటికన్నా ముఖ్యం, అర్థం కానప్పుడు ‘నో’ అనీ ‘ఎస్’ అనీ తలూపేయకండి. ‘ప్లీజ్ సే ఇట్ ఇన్ అదర్ వర్డ్స్’ అనండి. అంటే, అదే సంగతి వేరే మాటల్లో చెప్పమని. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మా వీధిలో ఆవిడ ఇప్పుడు పాల లెక్క రాసే నోటుబుక్కులో చివరి పేజీ నుంచి వెనక్కి ఈ మాటలు రాసుకుంటున్నారు. రోజుకొకటి, పక్కన తెలుగు అర్థంతో. మొదటి పేజీలో మొదటి మాట ఏమిటో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. మీరూ ఈ రోజే ఒకటి రాసుకోండి. రేపటికి మాత్రం ‘పుట్ ఆఫ్’ చెయ్యకండేం!