మూగ కాదు... 'మోగ్'!

లో-ఓల్టేజీ వస్తే ఫ్యాను గొంతు మారుతుంది. ఆ చిన్న సంగతి ఆధారంగానే ఒక వాద్యం పుట్టింది. 1969లో మనదేశానికీ వచ్చింది. మూడేళ్లకే మూగబోయింది.

సాయంత్రం ఏడవుతుంది. కొబ్బరితోటల మధ్య ఊళ్లో ఇళ్లన్నిట్లో ఒకేసారి లైట్లు వేస్తారు. అంతే, బల్బు ఎర్రబడిపోతుంది. అప్పటిదాకా రయ్యిమని తిరుగుతున్న ఫ్యాను కాస్తా 'బూ...' అని మూలగడం మొదలెడుతుంది. కోనసీమలో కాస్త వయసు మళ్లినవాళ్లకి ఈ అనుభవం కొత్తేం కాదు. తిట్టుకుంటూ విసనకర్ర అందుకున్నామే తప్ప ఒక విషయం గమనించలేదు. ఓల్టేజీ తగ్గితే ఆ రొద శ్రుతి తగ్గుతుంది. పెరిగితే పెరుగుతుంది. మరి ఆ ఓల్టేజీని మన వేళ్ల కిందికి తెచ్చుకుంటే?

అమెరికాలో రాబర్ట్ మోగ్ అనే ఇంజినీరు, హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకర్త కలిసి 1964లో చేసిన పని అదే. ఆయన పేరును చాలామంది 'మూగ్' అనేస్తారు. నిజానికి 'మోగ్' అనాలి. మన భాషలో మూగకీ మోగడానికీ ఎంత తేడా ఉందో తెలిస్తే ఆయన తప్పకుండా సంతోషించేవారు!

ఆయన చేసిన సింథసైజర్ చూడటానికి వాద్యంలా ఉండదు. పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా ఉంటుంది. నిలువెత్తు చెక్క పెట్టెలు, వరసగా మీటలు, ఒకచోటి నుంచి మరోచోటికి గుచ్చిన వైర్లు. ఒక్కో పెట్టెకి ఒక్కో పని. ఇష్టమొచ్చినట్టు కలుపుకోవచ్చు కాబట్టి దాన్ని మాడ్యులర్ అన్నారు. అందులో అసలు గొంతు 'వోల్టేజ్ కంట్రోల్డ్ ఆసిలేటర్'ది. ముద్దుగా వీసీవో.

కుళాయి కింద చెంబు పెట్టారనుకోండి. నిండగానే ఎవరో దాన్ని బోర్లిస్తారు. మళ్లీ నిండుతుంది, మళ్లీ బోర్లిస్తారు. కుళాయి ఎక్కువ తిప్పితే చెంబు త్వరత్వరగా నిండుతుంది. వీసీవోలో చెంబు పేరు కెపాసిటర్. నీళ్లకి బదులు కరెంటు. సెకనుకి 440 సార్లు నిండి ఖాళీ అయితే ఒక స్వరం, 880 సార్లయితే అదే స్వరం పై స్థాయిలో. కుళాయి తిప్పే చెయ్యి ఓల్టేజీ. ఒక వోల్టు పెంచితే సరిగ్గా ఒక స్థాయి పెరిగేలా మోగ్ లెక్క కట్టారు. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు కదా, ఒక్కోదానికి సుమారు 83 మిల్లీవోల్టులు.

మనవాళ్లకి పనికొచ్చే రహస్యం ఇక్కడే ఉంది. ఓల్టేజీ మెట్లు మెట్లుగానే మారాలని లేదు. జారుతూ కూడా మారుతుంది. అంటే స్వరం నుంచి స్వరానికి వీణ తీగ లాగినట్టు జారొచ్చు. హార్మోనియానికి అది చేతకాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో గమకం పలకకపోవడం ఒకటి. మోగ్ యంత్రం మనదేశంలో అడుగుపెట్టేనాటికి ఆ నిషేధం ఇంకా తొలగలేదు.

అడుగుపెట్టింది అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో. ఆ సంస్థను 1961లో తీర్చిదిద్దింది గౌతమ్, గిరా సారాభాయ్‌లు. మన రాకెట్ల విక్రమ్ సారాభాయ్‌కి అన్నా, చెల్లెలూను. మరో చెల్లెలు గీతా సారాభాయ్ 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్ అనే ప్రఖ్యాత సంగీతకర్తకి మన సంగీతం నేర్పి వచ్చిన విదుషి. ఆ పరిచయాల పుణ్యమే 1969లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ కళాకారుడు వచ్చి, మోగ్‌ని నిలబెట్టి, స్టూడియో తెరిచారు. గీతతోపాటు ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి.శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ కూర్చుని కరెంటుతో పాడించారు.

యంత్రానికీ ఒక జబ్బు ఉంది... ఎండ పడదు. ఓల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ లెక్క వేడితో మారిపోతుంది. దిద్దుబాటు లేకుండా వదిలేస్తే, పది డిగ్రీల తేడాకి మూడు స్థాయుల పైనున్న షడ్జమం కిందికి జారి కాకలి నిషాదమైపోతుంది! కచేరీకి ముందు తంబురా సవరించుకున్నట్టు దీన్నీ మాటిమాటికీ సవరించుకోవాల్సిందే.

జబ్బు అన్నాను గానీ, అందం కూడా అదే. రెండు వీసీవోలను ఒకే శ్రుతికి కలిపినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. 440కి పక్కన 441 మోగితే సెకనుకోసారి నాదం అలలా లేచి పడుతుంది. పెళ్లి మేళంలో ఇద్దరు సన్నాయి వాళ్లు ఒకే పాట ఎత్తుకున్నప్పుడు వచ్చే నిండుతనం గుర్తుందా? ఒక్కరే ఎంత బాగా ఊదినా అది రాదు.

1972 తర్వాత అహ్మదాబాద్ స్టూడియో ఆగిపోయింది. ఆ టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. లండన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీసి, 2020లో బీబీసీ రేడియోలో వాటి కథ చెప్పారు. 2023లో ఆల్బమ్‌గా తెచ్చారు. యాభై ఏళ్ల తర్వాత! ఆ పని అప్పుడే పదేళ్లు సాగి ఉంటే మన రాగాలకి తగ్గ ఎలక్ట్రానిక్ వాద్యం ఒకటి మనదేశంలోనే తయారయ్యేదేమో అని నాకు అనిపిస్తుంది. ఇంతలో 1983లో యమహా డీఎక్స్7 లాంటి డిజిటల్ కీబోర్డులు దిగాయి. వాటికి ఎండ లెక్కలేదు. శ్రుతి చెదరదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడ ఆర్కెస్ట్రా పెట్టినా స్టేజి మీద కనిపించేది వాటి సంతానమే.

కరెంటు, గమకం కలిస్తే ఏమవుతుందో మన గోదావరి వాళ్లకి ఇంకో దారిలో తెలిసింది. దిండి దగ్గర వంతెనెక్కి వశిష్ఠ దాటితే పాలకొల్లు. 1969లోనే అక్కడ పుట్టారు మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌లో నాదం నిలవదని ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, అయిదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. 2014లో కన్నుమూశారు.

మోగ్ పెట్టెలు మ్యూజియాలకే పరిమితం అయిపోలేదు. 1990ల నడుమ నుంచి జర్మనీలో డోఫర్ అనే సంస్థ చిన్నసైజు మాడ్యులర్ పెట్టెలు చేయడంతో వీసీవోలకి మళ్లీ గిరాకీ వచ్చింది. మన ఊళ్లలోనూ వాటి ఆనవాలు ఒకటుంది. ఈసారి పెళ్లి పందిట్లో కీబోర్డు వాయించేవారి కుడిచెయ్యి వదిలేసి, ఎడమచెయ్యి చూడండి. మెట్లకి పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. 1970 నాటి మినీమోగ్‌లో అలాంటి చక్రమే వీసీవోకి ఓల్టేజీ పంపేది. ఇప్పుడు లోపల నడిచేవి అంకెలే, వోల్టులు కావు. అయినా పాటలో ఎక్కడైనా స్వరం కాస్త వంగి జారిందంటే ఆ బొటనవేలు చక్రం మీద కదిలినట్టే.