పండుగప్ప: మగచేపే పెరిగి తల్లి అవుతుంది

పండుగప్ప ఆడదా, మగదా అని తెలియాలంటే పొట్ట కోసి చూడనక్కర్లేదు. సైజు చూసి చాలావరకు చెప్పేయవచ్చు. ఎదిగిన చేప మూడు కిలోల లోపు ఉంటే మగది. మీటరు పొడవు దాటిందంటే దాదాపు ఖాయంగా ఆడది. అలాగని అవి రెండు వేర్వేరు రకాలేమీ కావు. ఆ పెద్ద ఆడచేప కూడా కొన్నేళ్ల క్రితం మగచేపే!

బెంగాలీలు భేట్కీ అనీ, ఆస్ట్రేలియా వాళ్లు బారాముండీ అనీ పిలిచేది ఈ చేపనే. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట్లంటే దీనికి ఇష్టం. అందుకే మన గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లోనే కాదు, గుజరాత్ తీరంలోనూ దొరుకుతుంది. సూరత్‌లో మగ్గాలకు పేరుపడ్డ సలాబత్‌పురా నుంచి తాపీ నది ఎంతో దూరం లేదు. నేతపని కోసం తెలంగాణ నుంచి వెళ్లిన ఎన్నో కుటుంబాలు ఆ నగరంలో స్థిరపడ్డాయి. తాపీ అక్కడి నుంచి కాస్త ముందుకు సాగి అరేబియా సముద్రంలో కలుస్తుంది.

మనుషుల్లో ఆడా మగా అన్నది ఎక్స్, వై క్రోమోజోముల కలయికతో మొదట్లోనే తేలిపోతుంది. పండుగప్పలో అలాంటి లింగ క్రోమోజోములు ఇంతవరకు కనబడలేదు. మూడు నాలుగేళ్లకు అది మగచేపగా ఎదిగి, ఒకటి రెండు కాన్పుల కాలాల్లో వీర్యం వదులుతుంది. ఆస్ట్రేలియా ప్రాంతంలో ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో దాని వృషణ కణజాలం క్రమంగా కరిగిపోయి, ఆ స్థానంలో అండాశయం పెరుగుతుంది. పాపువా న్యూగినీ చేపల్లో ఈ మార్పును 1979లో ఆర్. మూర్ అనే శాస్త్రవేత్త వివరంగా నమోదు చేశారు. ఇందులో ఆరోమటేజ్ అనే ఎంజైముది కీలక పాత్ర. మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేది అదే.

ఇంత తతంగం దేనికంటే, లెక్క సులువే. వీర్యకణాలు అతి సూక్ష్మం, కాబట్టి చిన్న చేప కూడా కావలసినన్ని తయారు చేయగలదు. గుడ్లకు మాత్రం పొట్టలో చోటు కావాలి. ఒళ్లు పెరిగాక ఆడదిగా మారితే లక్షల గుడ్లు పెట్టవచ్చు. బొమ్మిడాయి కాదు, కొర్రమీనూ కాదు, ఈ విద్య అన్ని చేపలకూ రాదు. క్లౌన్ చేపల్లోనూ మగదే ఆడదవుతుంది గానీ, అక్కడ వయసు కాదు, గుంపులోని పెద్ద ఆడచేప చనిపోవడమే సంకేతం. గ్రూపర్ చేపల్లో చాలా జాతులు దీనికి తలకిందులు: ముందు ఆడ, తర్వాత మగ.

తిలాపియా కథ వేరు. దానికి ఎక్స్, వై ఉన్నాయి. అయినా పిల్ల దశలో నీటి వేడి 36 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆడ కావలసినవి కొన్ని మగవైపోతాయి. రైతులకు కావలసిందీ మగవే. ఆడవి కలిస్తే చెరువు నిండా వేలెడంత పిల్లలే మిగులుతాయి. అందుకే చాలా హ్యాచరీల్లో తొలి మూడు నాలుగు వారాలు మేతలో మగ హార్మోను కలుపుతారు.

పండుగప్పతో చిక్కు ఇంకో రకంగా వస్తుంది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, సీబా, 1997లో మన దేశంలో తొలిసారి దీన్ని హ్యాచరీలో పునరుత్పత్తి చేయించింది. సూరత్‌కు దక్షిణాన నవసారిలోనూ ఆ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. హ్యాచరీలో తల్లి కావాలంటే చేపను ఏళ్ల తరబడి మేపాలి. ఈలోగా పాత మగవి ఆడవిగా మారిపోతుంటాయి కాబట్టి, కొత్త మగవాటిని చేరుస్తూనే ఉండాలి.

చెరువు రైతుకు ఈ బెంగ లేదు. కిలో, రెండు కిలోలకే పట్టి అమ్మేస్తాడు, తల్లి దాకా పెంచడు. ఇబ్బందంతా నదీముఖాల్లోనే. అక్కడ వలలో పడ్డ అతి పెద్ద చేపను చూసి సంబరపడతాం, ఫొటో దిగుతాం. కానీ పెద్దవాటినే ఏరి పడితే పోయేది ఆడచేపలే. వాటి స్థానం భర్తీ కావాలంటే ఇప్పటి మగవి ఇంకా కొన్నేళ్లు వలకు చిక్కకుండా బతకాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అందుకే రెండు హద్దులు పెట్టింది. 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని పట్టకూడదు, 120 సెంటీమీటర్లు దాటినదాన్ని తిరిగి నీటిలో వదిలేయాలి.