కోడికి పోసిన మందు మనదాకా ఎలా వస్తుంది?

ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో కిలో చికెన్ కొట్టించుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ కోడి వయసు ఎంతో తెలుసా? దాదాపు 40 రోజులు! అంతలోనే రెండు కిలోలు తూగుతుంది. వేల కోళ్ళు ఒకే షెడ్డులో ఉంటాయి కనుక నాలుగు కోళ్ళు తూగితే చాలు, షెడ్డు మొత్తానికి నీళ్ళలో మందు కలుపుతారు. రోగం లేని కోడి కూడా ఆ మందు తాగుతుంది. రోగం రాకుండా, బరువు పెరగాలని దాణాలో కొద్దికొద్దిగా కలపడమూ ఉంది. అసలు చిక్కు ఇక్కడే. ఆ కొద్ది మందుకు బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి బతికి పెరుగుతాయి. పైగా తమ మొండితనాన్ని పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా అందిస్తాయి.

కొలిస్టిన్ అనే మందు సంగతి చూడండి. మూత్రపిండాలకు హాని చేస్తుందని డాక్టర్లు దీన్ని మామూలుగా వాడరు. ఏ ఇతర మందుకూ లొంగని రోగికి, ఐ.సి.యు.లో, ఆఖరి ఆశగా ఎక్కిస్తారు. అలాంటి మందును కోళ్ళ దాణాలో కలిపారు! దీనికి లొంగని జన్యువును 2015లో చైనాలో పందులలో, మాంసంలో, మనుషులలో కనుగొన్నారు. మన రంగారెడ్డి జిల్లా ఫారాలలో ఈ మందు వాడకం గురించి 2018లో పత్రికలు రాశాయి. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్ళకు, చేపలకు కొలిస్టిన్ వాడరాదని నిషేధించింది. అయితే మొండి క్రిములు ఒక్క ఉత్తర్వుతో పోవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తెలంగాణ, కేరళ ఫారాల కోళ్ళ రెట్టను పరీక్షించి, మందులకు లొంగని జన్యువులు అందులో ఉన్నాయని 2024లో వెల్లడించారు.

“అయితే చికెన్ మానేయాలా డాక్టరు గారూ?” అని అడుగుతారు. అక్కరలేదు. బాగా ఉడికితే మొండి క్రిమి కూడా చస్తుంది. ప్రమాదం కూరలో కన్నా పచ్చి మాంసం ముట్టుకున్న చేతిలో ఎక్కువ. మాంసం కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ, కీర కోయకండి. నల్లా కింద మాంసం కడిగితే తుంపరలు పక్క గిన్నెల మీద పడతాయి, అది గమనించండి. చేతులు సబ్బుతో కడగండి. మాంసంలో మిగిలిన మందు అవశేషాలు మాత్రం వండినా పూర్తిగా పోవు. అది ఇంటి ఇల్లాలి చేతిలో లేదు, ఫారం దగ్గరే ఆగాలి.

మొండి క్రిమి మనిషికి సోకితే ఏమవుతుంది? మూత్రంలో మంట, జ్వరంతో వచ్చిన తల్లికి మామూలు మాత్ర పని చేయదు. సూది మందు, ఆసుపత్రిలో పడక, నాలుగింతల ఖర్చు. బాలింతకూ, పసిబిడ్డకూ రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. తప్పంతా కోళ్ళదే అనలేము. జలుబుకూ, పిల్లల నీళ్ళ విరేచనాలకూ షాపులో రెండు గోళీలు అడిగి వేసుకునేది మనమే కదా! చాలా విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, జింక్ చాలు.

ఫారం నడిపే అన్నలకు ఒక మాట. మీలో చాలామందికి పిల్లలు, దాణా, మందు కంపెనీయే ఇస్తుంది, మీ చేతిలో ఉన్నది తక్కువే. అయినా ఏ మందు ఇస్తున్నారో పేరు అడిగి రాసుకోండి. కోడిని అమ్మే ముందు ఎన్ని రోజులు ఆ మందు ఆపాలో పశువైద్యుణ్ణి అడగండి. షెడ్డులోని ఊక, పెంట పచ్చిగా కూరగాయల మడికి వేయకండి. కుప్ప పోసి బాగా మాగనిచ్చి వేయండి. షెడ్డులో పని చేసిన బట్టలతో చంటిబిడ్డను ఎత్తుకోకండి.