మీకు తెలుసా? ఆపరేషన్‌కు మార్కులు వేసేది రోగే!

కాలి రక్తనాళానికి ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే కాలికి రక్తం సరిగా అందట్లేదని లెక్క. కానీ సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే నేతన్నకు కావాల్సింది వేరు: పిక్క పట్టేయకుండా మగ్గం తొక్కగలనా? కోమటి చెరువు కట్ట మీద ఆగకుండా నడవగలనా? ఆ జవాబు రోగే చెప్పాలి.

• కాళ్లకు రక్తప్రసరణ తగ్గినవారి కోసం లండన్ వైద్యులు 2001లో ‘వాస్కుక్వాల్’ ప్రశ్నావళిని ప్రచురించారు. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. నొప్పి, రోజువారీ పనులతోపాటు దిగులు, నలుగురిలో కలవడం గురించీ అడుగుతారు. 2014లో స్వీడన్ వైద్యులు దాన్ని 6 ప్రశ్నలకు కుదించారు.

• కాళ్లలో సిరలు ఉబ్బే వెరికోస్ వెయిన్స్‌కు 1993 నాటి ‘అబర్డీన్’ ప్రశ్నావళి ఉంది. అందులో కాళ్ల బొమ్మ ఇస్తారు. ఉబ్బిన సిరలను రోగే దాని మీద గీయాలి. ఇందులో మార్కులు తగ్గితేనే మేలు.

• ఇంగ్లండ్‌లో 2009 నుంచి 2017 దాకా ప్రభుత్వ ఖర్చుతో వెరికోస్ ఆపరేషన్ చేయించుకున్నవారిని ముందూ తర్వాతా ఇలాగే అడిగారు.

• ఏ వ్యాధికైనా పనికొచ్చే ‘ఈక్యూ-5డీ’ ప్రశ్నావళి తెలుగులోనూ ఉంది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన: ఇవే 5 అంశాలు.

ఆపరేషన్‌కు ముందు ఎంత దూరం నడిస్తే నొప్పి వచ్చేదో రాసిపెట్టుకోండి. తర్వాతి చెకప్‌లో డాక్టర్‌కు ఆ తేడా చెప్పండి.