విమానాశ్రయ రుసుములపై ప్రయాణికుడి మాటకూ చోటు
ఖరారుకు ముందు అభిప్రాయ సేకరణ తప్పనిసరి

కర్మన్‌ఘాట్‌: శంషాబాద్‌లో విమానమెక్కే ప్రయాణికుడు టికెట్‌ ధరతో పాటు యూజర్‌ డెవలప్‌మెంట్‌ ఫీజు కూడా చెల్లిస్తున్నాడు. టికెట్‌లోనే కలిసిపోయే ఈ రుసుమును ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారన్నది చాలామందికి తెలియదు. ఖరారు చేసే ముందు ప్రజల అభిప్రాయం కోరాలని చట్టమే నిర్దేశిస్తోందన్న విషయమూ ప్రచారంలో లేదు. కర్మన్‌ఘాట్‌, చంపాపేట, ఎల్బీనగర్‌ ప్రాంతాల నుంచి చదువులకు, కొలువులకు, విదేశాల్లోని పిల్లల వద్దకు వెళ్లేవారు అనేకులు. నాగోలు నుంచి ఎల్బీనగర్‌, కర్మన్‌ఘాట్‌, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రతిపాదించింది. ఈ నేపథ్యంలో విమానాశ్రయ రుసుముల తీరు స్థానికులు తెలుసుకోదగినది.

నిర్ణయించేది ఎవరు?

విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ చట్టాన్ని పార్లమెంటు 2008లో ఆమోదించింది. దాని ప్రకారం 2009 మేలో ఏర్పాటైన సంస్థనే క్లుప్తంగా ‘ఏరా’ అంటారు. పెద్ద విమానాశ్రయాల రుసుములు దీని పరిధిలోకి వస్తాయి. ఏటా 15 లక్షల మంది ప్రయాణికులున్న వాటిని తొలుత పెద్దవిగా పరిగణించగా, 2019లో చేసిన సవరణతో ఆ పరిమితి 35 లక్షలకు పెరిగింది. రుసుములను ఐదేళ్లకోసారి నిర్ణయిస్తారు. సంబంధిత వర్గాలన్నింటినీ సంప్రదించాలని, నిర్ణయానికి కారణాలను లిఖితపూర్వకంగా వివరించాలని చట్టంలోని 13వ సెక్షన్‌ చెబుతోంది.

టీ ధర పరిధిలో లేదు

విమానం దిగడం, నిలపడం, సరకు రవాణా, ఇంధన సరఫరా వంటివి విమాన సేవలు. వీటి రుసుములపై ఏరాకు అధికారం ఉంది. దుకాణాలు, భోజనశాలలు, ప్రకటనల బోర్డులు, వాహనాల పార్కింగ్‌ వంటివి విమానేతర వ్యాపారాలు. విమానాశ్రయంలో అమ్మే టీ ధరను ఏరా నిర్ణయించదు. అయితే ఆ వ్యాపారాలపై వచ్చే ఆదాయాన్ని ఎలా లెక్కిస్తారన్న దానిపైనే ప్రయాణికుడి రుసుము ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు విమాన సేవలకు రూ.100 రాబట్టాలని, దుకాణాల ద్వారా రూ.40 ఆదాయం వస్తోందని అనుకుందాం. దుకాణాల ఖర్చును పక్కన పెడితే, ఏక ఖాతా విధానంలో రూ.40 మొత్తాన్నీ మినహాయిస్తారు. ప్రయాణికులు, విమాన సంస్థలు భరించాల్సింది రూ.60 మాత్రమే. మిశ్రమ ఖాతా విధానంలో ఆ ఆదాయంలో 30 శాతాన్నే, అంటే రూ.12 మినహాయిస్తారు. అప్పుడు భారం రూ.88 అవుతుంది. కేంద్రం 2016లో ప్రకటించిన జాతీయ పౌర విమానయాన విధానం మిశ్రమ ఖాతాకే మొగ్గు చూపింది.

శంషాబాద్‌ అనుభవం

రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో రాకపోకలు 2008 మార్చి 23న ఆరంభమయ్యాయి. ఏక ఖాతా లెక్కన ఏరా 2014 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వుతో ఆ ఏడాది ఏప్రిల్‌ 1 నుంచి ఇక్కడ యూజర్‌ ఫీజు సున్నా అయింది. వివాదం న్యాయస్థానానికి చేరింది. అనంతరం రుసుము మళ్లీ వచ్చింది.

2021 ఏప్రిల్‌ నుంచి 2026 మార్చి వరకు మూడో నియంత్రణ కాలం. దానికి సంబంధించి దేశీయ ప్రయాణికుడికి రూ.281గా ఉన్న ఫీజును రూ.608కి, అంతర్జాతీయ ప్రయాణికుడికి రూ.393గా ఉన్న దాన్ని రూ.1,300కు పెంచాలని నిర్వాహక సంస్థ కోరింది. సంప్రదింపుల అనంతరం 2021 ఆగస్టులో ఏరా తుది ఉత్తర్వు ఇచ్చింది. 2022 ఏప్రిల్‌ నుంచి రూ.480, రూ.700 చొప్పున అమలయ్యాయి. తర్వాత దశలవారీగా పెరిగి 2025లో రూ.750, రూ.1,500కు చేరాయి. అడిగినంతా ఒకేసారి దక్కలేదు. అలాగని భారమూ తప్పలేదు. తదుపరి ఐదేళ్ల లెక్క 2026 ఏప్రిల్‌ 1 నుంచి మొదలవుతుంది.

సంప్రదింపు జరిగే తీరు

నిర్వాహక సంస్థ ముందుగా ఐదేళ్ల ఖర్చులు, ఆదాయాల అంచనాలతో ప్రతిపాదన సమర్పిస్తుంది. ఏరా దాన్ని పరిశీలించి తన అభిప్రాయాలతో సంప్రదింపుల పత్రం వెలువరిస్తుంది. సంబంధిత వర్గాలతో సమావేశం నిర్వహిస్తుంది. నిర్ణీత గడువులోగా ఎవరైనా లిఖితపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. వచ్చిన వాటిపై ప్రతిస్పందనలకూ అవకాశమిచ్చి, అనంతరం తుది ఉత్తర్వు జారీ చేస్తుంది. దానిపై టెలికాం వివాదాల ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ బాధ్యత 2017 నుంచి ఆ ట్రైబ్యునల్‌దే.

ఈ ప్రక్రియలో ప్రధానంగా వినిపించేది విమానయాన సంస్థలు, నిర్వాహకుల గొంతే. పత్రాలు వందల పేజీల్లో, ఆంగ్లంలో, లెక్కల పట్టికలతో ఉండటంతో సామాన్య ప్రయాణికుడు వాటి జోలికి వెళ్లడం కష్టం. సొమ్ము చెల్లించేది మాత్రం అతడే.

ఏం రాస్తే ప్రయోజనం?

‘ఫీజు ఎక్కువగా ఉంది, తగ్గించండి’ అని రాస్తే సరిపోదు. మూడు అంశాలపై దృష్టి పెట్టాలి. మొదటిది ప్రయాణికుల సంఖ్య అంచనా. దాన్ని తక్కువగా చూపితే తలసరి రుసుము పెరుగుతుంది. రెండోది నిర్మాణ వ్యయం. ఏ పని అవసరం, ఏది వాయిదా వేయవచ్చు అన్నది ప్రశ్నించవచ్చు. మూడోది దుకాణాలు, పార్కింగ్‌ ఆదాయం అంచనా. అది తగ్గితే మినహాయింపూ తగ్గుతుంది. అంచనాలకు, వాస్తవాలకు తేడా వస్తే తర్వాతి ఐదేళ్లలో సర్దుబాటు చేస్తారు. కానీ అప్పటికే ప్రయాణం ముగించినవారికి ఆ సొమ్ము తిరిగి రాదు.

ఒక్కొక్కరూ రాయలేనప్పుడు కాలనీ సంక్షేమ సంఘాలు, వయోవృద్ధుల సంఘాలు ఉమ్మడిగా అభిప్రాయం పంపవచ్చు. తినుబండారాల ధరలు, పార్కింగ్‌ ఇబ్బందులు ఏరా పరిధిలో లేనందున వాటిపై పౌర విమానయాన శాఖ 2016లో ప్రారంభించిన ఎయిర్‌సేవాలో ఫిర్యాదు చేయాలి. ధరలపై వచ్చిన విమర్శల ఫలితంగానే 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో రూ.10కి టీ అందించే ఉడాన్‌ యాత్రీ కేఫ్‌ మొదలైంది.

గడువు దాటాక పంపే అభ్యంతరాన్ని పరిగణనలోకి తీసుకోకపోవచ్చు. ఒకసారి ఖరారైన రుసుము పట్టిక ఐదేళ్ల కాలానికి వర్తిస్తుంది కనుక, సంప్రదింపుల పత్రం వెలువడిన వెంటనే స్పందించడమే మార్గం.