రోజుకో మిల్లీమీటరు!

బైకు ప్రమాదం. హెల్మెట్ ఉంది కాబట్టి కుర్రాడి ప్రాణం దక్కింది. కాలర్ బోన్ విరిగితే డాక్టర్లు ప్లేటు వేశారు. మూడు నెలలకి ఎక్స్‌రే తీస్తే ఎముక చక్కగా అతుక్కుంది. ఇంట్లోవాళ్లు మొక్కులు తీర్చుకున్నారు. కానీ... చెయ్యి లేవడం లేదు. పక్కన అలా వేలాడుతోంది. గిచ్చినా తెలియడం లేదు. 'నీరసం... నెమ్మదిగా అదే వస్తుందిలే' అని చూడ్డానికొచ్చినవాళ్లంతా ధైర్యం చెబుతున్నారు.

పెద్ద ప్రమాదాల తర్వాత ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యమిది. ఆ ధైర్యమే ఒక్కోసారి చేతిని శాశ్వతంగా దూరం చేస్తుంది. ఎందుకంటే దెబ్బ తగిలింది ఎముకకి మాత్రమే కాదు, నరానికి కూడా!

ఏ నరం?

సెలైన్ పెట్టేటప్పుడు 'నరం దొరకలేదు' అంటుంటాం. నిజానికి అది రక్తనాళం. ఇక్కడ చెప్పుకునేది మెదడు ఆజ్ఞల్ని కండరాలకీ, స్పర్శని తిరిగి మెదడుకీ చేరవేసే నరం. పైకి ఒక్క తాడులా కనిపించినా లోపల టెలిఫోన్ కేబుల్‌లా వేలాది సన్నటి పోగులుంటాయి.

మెడ దగ్గర వెన్నుపాము నుంచి అలాంటి నరాలు ఐదు బయల్దేరి, కాలర్ బోన్ వెనక జడలా అల్లుకుని చేతిలోకి దిగుతాయి. ఆ అల్లికే 'బ్రేకియల్ ప్లెక్సస్'. బైకు మీంచి ఎగిరిపడినప్పుడు తల ఒకవైపూ భుజం మరోవైపూ విరుచుకుపోతే ఈ జడ సాగిపోతుంది, తెగుతుంది. కొన్నిసార్లు వెన్నుపాము నుంచే ఊడి వచ్చేస్తుంది. హెల్మెట్ తలని కాపాడుతుంది కానీ ఈ జడని కాపాడలేదు.

మూడు రకాలు

నరాల గాయాల్ని బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు రకాలుగా విభజించాడు. మొదటిది- నరం కాసేపు మొద్దుబారడం. వారాల నుంచి రెండు మూడు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. రెండోది- లోపలి పోగులు తెగినా పైతొడుగు బాగానే ఉండటం. ఆ తొడుగునే దారిగా చేసుకుని పోగులు మళ్లీ పెరుగుతాయి. మూడోది- నరం పూర్తిగా తెగిపోవడం. ఆపరేషన్ చేయకపోతే ఇది బాగుపడదు.

చిక్కేమిటంటే, మొదటిరోజు మూడూ ఒకేలా ఉంటాయి. చెయ్యి కదలదు, అంతే. అందుకే మూడు నాలుగు వారాలయ్యాక నరం, కండరాల పరీక్షలు చేస్తారు. అవసరమైతే ఎమ్మారై తీస్తారు. నెలనెలా కదలికని గమనిస్తారు. వేచిచూడటం తప్పు కాదు... డాక్టరు కళ్లముందు వేచిచూడాలి!

గడియారంతో పందెం

నరం తెగితే తెగినచోటు నుంచి కిందిభాగం పోగులన్నీ చచ్చిపోతాయి. అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాల మీద ప్రయోగాలు చేసి 1850లోనే ఈ సంగతి చెప్పాడు. కుట్టిన నరం అప్పటికప్పుడు పనిచేయదు. పై నుంచి కొత్త పోగులు మొలిచి కిందిదాకా పెరగాలి. వాటి వేగం ఇంచుమించు రోజుకో మిల్లీమీటరు. అంటే నెలకి అంగుళం!

మెడ నుంచి వేళ్ల దాకా రెండడుగుల పైమాటే. ఆ లెక్కన రెండేళ్లు పడుతుంది. నరం అందని కండరం మాత్రం అన్నాళ్లు ఆగదు. ఏడాది, ఏడాదిన్నర దాటితే క్షీణించి పీచులా మారిపోతుంది. అప్పుడు నరం వచ్చినా పలకదు. అందుకే కోలుకునే సూచనలు లేకపోతే మూడు నుంచి ఆరు నెలల్లోపే ఆపరేషన్ చేయాలంటారు నిపుణులు. కత్తో, గాజుపెంకో, మాంజానో కోసి నరం తెగితే అంత ఆగక్కర్లేదు. కొద్దిరోజుల్లోనే కుట్టేయడం మేలు.

అప్పు తెచ్చిన నరం

ఈ ఆపరేషన్లు మైక్రోస్కోప్ కింద, వెంట్రుకకంటే సన్నని దారంతో చేస్తారు. తెగిన కొసల మధ్య ఖాళీ ఉంటే లాగి కట్టకూడదు. బిగుసుకుంటే నరం అతకదు. అలాంటప్పుడు పిక్క వెనక ఉండే 'స్యూరల్' నరం ముక్క తీసి వంతెనలా వేస్తారు. దానివల్ల పాదం పక్కన కాస్త తిమ్మిరి మిగులుతుంది, నడకకి ఇబ్బంది ఉండదు.

నరం వెన్నుపాము నుంచే ఊడిపోతే కుట్టడానికి పైకొస ఉండదు. అప్పుడు పక్కనున్న మంచి నరంలో కొంత అప్పు తెస్తారు. ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టోఫ్ ఓబర్లిన్ బృందం 1994లో ప్రకటించిన పద్ధతి అలాంటిదే. చేతిలోకి వెళ్లే 'అల్నార్' నరంలోంచి కొన్ని పోగుల్ని మోచెయ్యి మడిచే కండరానికి కలుపుతారు. కండరం పక్కనే ఉంటుంది కాబట్టి ప్రయాణమూ తక్కువే.

ఆ నరం కూడా దెబ్బతింటే పక్కటెముకల మధ్య నరాల్ని తెచ్చి కలుపుతారు. అక్కడో విచిత్రం! అవి ఊపిరి పీల్చడానికి తోడ్పడే నరాలు. అందుకే మొదట్లో గట్టిగా ఊపిరి తీసుకుంటేనే మోచెయ్యి ముడుచుకుంటుంది. నెలల తరబడి సాధన చేస్తే మెదడు కొత్తదారి నేర్చుకుంటుంది. ఊపిరితో పనిలేకుండానే ముద్ద నోటిదాకా వస్తుంది.

చెయ్యి మునుపటిలా నూటికి నూరుపాళ్లు రావడం అరుదు. ముఖ్యంగా వేళ్ల నేర్పు తిరిగి రావడం కష్టం. కానీ మోచెయ్యి మడవగలిగితే, భుజం నిలిస్తే మనిషి మళ్లీ పనిలో పడతాడు. ఆలస్యమైనవాళ్లకి తొడ కండరాన్ని తెచ్చి అమర్చడంలాంటి మార్గాలున్నాయి. అయితే సమయానికి చేసిన చికిత్సకి అవి సాటిరావు.

ఇవి గుర్తుంచుకోండి

* ప్రమాదం తర్వాత ఎముక సంగతితోపాటు 'వేళ్లు కదుపుతున్నాడా, స్పర్శ తెలుస్తోందా' అని కూడా అడగండి.

* చెయ్యి కదలకపోతే నెల తిరిగేలోపు నరాల శస్త్రచికిత్స తెలిసిన సర్జన్‌కి చూపించండి.

* కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ మొదటినుంచీ చేయించండి.

* స్పర్శలేని చేతికి వేడి కాపడం వద్దు. కాలినా తెలియదు.

* నరం మీద తట్టినప్పుడు చీమలు పాకినట్టు జివ్వుమంటే, ఆ చోటు నెలనెలా కిందికి జరుగుతుంటే... భయపడకండి. నరం పెరుగుతోందన్నమాట!